కోట కట్టిన నాడు లేని చెట్టు

వనమహోత్సవం వారం కదా, చెట్ల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ ఉత్సవాన్ని 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన సంగతీ, 2015లో చిలుకూరులో హరితహారం మొదలైన సంగతీ బడిపిల్లలే చెప్పేస్తారు. అవి వదిలేసి నేరుగా తురాయి దగ్గరికి వస్తాను. గుల్‌మొహర్ అంటే మీకు ఇంకా బాగా తెలుస్తుంది.

"ఇది మొగలుల నాటి చెట్టు, నవాబులు నాటిచ్చిండ్రు" అని జగిత్యాలలో ఒక పెద్దాయన నాతో గట్టిగా వాదించారు. చాలామంది నమ్మకం అదే. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోట లేచింది 1747 ప్రాంతంలో అంటారు. అది కట్టించిన నవాబు ఈ పువ్వు మొహం చూసి ఉండడు. తురాయి మన దేశంలో అడుగుపెట్టింది ఆ తర్వాత దాదాపు వందేళ్లకు. 1840 ప్రాంతంలో బొంబాయిలోని శివడీలో కనిపించిందని చెప్తారు.

దీని సొంత గడ్డ మడగాస్కర్. బొహీమియాలో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు వెన్సెస్లాస్ బోయర్ 1820లలో ఆ దీవి తూర్పు తీరాన, ఫూల్‌పాయింట్ దగ్గర దీన్ని చూశాడు. మారిషస్ తోటలు, అక్కడి నుంచి స్కాట్లండ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు హుకర్ బల్ల మీదికి బొమ్మలు, 1829లో అచ్చు. ఇదంతా గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు ముచ్చటైన భాగం ఆ తర్వాతిది. ఉష్ణదేశాల రోడ్లన్నీ ఎర్రగా పూయించిన ఈ చెట్టు, అడవిలో తనంతట తాను ఎక్కడ మొలుస్తుందో శాస్త్రజ్ఞులకు వందేళ్లు అంతు చిక్కలేదు. 1930లలో గానీ పశ్చిమ మడగాస్కర్ సున్నపురాతి అడవుల్లో దొరకలేదు. మనవళ్లు పుట్టినంక కోడలి తల్లిగారూరు ఎక్కడో తెలిసినట్టు!

ఇక పిల్లల సంగతి. కోరుట్లలో మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే తురాయి కిందే. నాలుగు రేకలు ఎర్రన, అయిదోది తెల్లగా, ఎర్రచుక్కలతో ఉంటుంది. దాని కోసం కొట్లాట, పుల్లగా ఉంటుందని. మొగ్గ తొడుగులు చీల్చి గోళ్లకు అంటించుకుని ఆడపిల్లలు మమ్మల్ని బెదిరించేవారు. పువ్వుకు పది కేసరాలు. నా కేసరం తలను నీ కేసరం తలకు తగిలించి లాగాలి, ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. సిరిసిల్లలో మా మేనత్త ఇంటి వెనక, నేత సాంచాల చప్పుడులో కూడా ఇదే ఆట. ఎండిన కాయలు కత్తులు. మూరెడు పైనే ఉండేవి, ఊపితే గలగలమనేవి.

ప్రేమ ఉంది గనుక లోపం కూడా చెప్పాలి. కొమ్మ పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి. ఈదురుగాలికి ముందు విరిగేది ఇదే. పైగా ఎండలు ముదిరే వేళకే ఆకు రాలుస్తుంది. అందుకే కోరుట్ల నుంచి జగిత్యాల పోయే జాతీయ రహదారి అంచున వరుసగా నాటితే నేను ఒప్పుకోను. అక్కడ నీడకు వేప, కానుగ ఉండాలి. తురాయిని చెరువు కట్ట దిగువన, బడి ఆవరణలో, కరెంటు తీగలకు దూరంగా పెట్టండి.

పోయినేటి కాయలు ఇంకా కొమ్మలకే వేలాడుతుంటాయి. గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి పాతండి. వచ్చేవారం ఇదే వేళకు తురాయికి మన గడ్డమీది చుట్టం, వాతనారాయణ చెట్టు కబుర్లు. సెలవు.