బెండమూర్లంక గిడ్డంగి నుంచి రొయ్యల చెరువు దాకా

(అమలాపురంలో జరిగిన గ్రామ కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి సమావేశంలో ఒక కౌలు రైతు లేచి అడిగారు. "రష్యా చమురు దగ్గర అమెరికాకీ ఢిల్లీకీ పేచీ వస్తే, అల్లవరంలో నా రొయ్య రేటు ఎందుకు పడాలండీ?" ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత వెతుక్కుంటూ పోతే జవాబు అల్లవరం మండలంలోనే దొరికింది.

బెండమూర్లంక మీ అందరికీ తెలుసు. 18వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టం ఉన్నది కాదు. నేతగాళ్ళకి బయానా ఇచ్చి, బట్ట కొని, ఓడకెక్కించే గిడ్డంగి. యానాం పక్కన ఇంజరంలో ఒకటి, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంకొకటి. యానాంలోనేమో ఫ్రెంచి వాళ్ళు. ఒక సరుక్కి ఇద్దరు కొనుగోలుదార్లుంటే అమ్మేవాడికి మంచిదే, రేటు పెరగాలి. కానీ వీళ్ళు రేటుతో పోటీ పడటం మాని తుపాకులతో పోటీ పడ్డారు.

ఆ తుపాకులకి పెట్టుబడి ఎవరిదో చూడండి. 1753లో నిజాం సలాబత్ జంగ్, తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద, మన రాజమండ్రి సర్కారుతో సహా నాలుగు సర్కారుల శిస్తును రాసిచ్చేశాడు. అంటే బుస్సీ సిపాయిల జీతం మన తాతముత్తాతల పొలాల్లోంచి వెళ్ళింది. 1756లో యూరప్‌లో ఏడేళ్ళ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడు బుస్సీ బొబ్బిలి మీద పడ్డాడు, ఆ ఏడే బెండమూర్లంక, ఇంజరం, మాధవాయపాలెం గిడ్డంగులూ పట్టుకున్నాడు. బొబ్బిలి కథ బుర్రకథల్లో విన్నాం. మన ఊరి గిడ్డంగి సంగతి ఎవరూ పాడలేదు.

1758 డిసెంబరులో విజయనగరం ఆనందరాజు పిలిస్తే బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డు వచ్చి, పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి వాళ్ళను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడింది. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. బట్ట కొనడానికొచ్చినవాడు శిస్తు వసూలు చేసేవాడయ్యాడు. కొనుగోలూ వాడిదే, అధికారమూ వాడిదే అయ్యాక నేతగాడికి బేరమాడే చోటే లేదు. మాధవాయపాలెం బట్ట పేరు పెట్టుకుని చివరికి ఇంగ్లండు మిల్లులు బట్ట అమ్ముకున్నాయి. రైతు సంగతి చెప్పాలా? 1802లో జమీందారీ సెటిల్‌మెంటు చేసి శిస్తు ఖాయం చేసుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మాత్రం 1852లో. నిజాంతో ఒప్పందం నాటినుంచి 86 ఏళ్ళు. కాటన్ దొరకి దండం పెట్టే చేత్తోనే ఈ లెక్క కూడా వేయాలి.

ఇప్పుడు అమెరికా సంగతి. 1773లో ఇదే కంపెనీ గిడ్డంగుల్లో టీ పేరుకుపోయింది. దాన్ని అమెరికాలో వదిలించుకోవడానికి లండన్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. బోస్టన్ రేవులో జనం 342 పెట్టెల టీ సముద్రంలో పారబోశారు. 1775కల్లా యుద్ధం, 1776లో కొత్త దేశం. 1778లో ఫ్రాన్స్ ఆ కొత్త దేశం పక్షాన చేరితే, ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడ పుదుచ్చేరిని పట్టుకున్నారు. మన పక్క యానాం ఇలాంటి యుద్ధాల్లో చేతులు మారుతూనే వచ్చింది.

ఆ కొత్త దేశం కూడా తన రైతుని కాచుకోలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సుల మీద కోపంతో 1807లో తన ఓడల్ని తనే కట్టేసుకుంది. పొగాకు, పత్తి, గోధుమ రేవుల్లోనే నిలిచిపోయాయి. 1809లో ఆ చట్టం ఎత్తేశారు. 1812లో ఇంగ్లండుతో యుద్ధానికి దిగారు. 1814 చివర్లో సంధి. ఏ ఓడల పేచీ మీద యుద్ధం మొదలైందో, దాని ఊసే ఆ సంధిలో లేదు. ఆ కాలంలో లేచిన మిల్లుల్ని కాపాడటానికి 1816లో రక్షణ సుంకం వేశారు. సుంకాలు పెరిగే కొద్దీ పత్తి అమ్ముకునే దక్షిణాది మండిపడింది. 1832లో సౌత్ కరోలినా ఆ సుంకాలు తమ రాష్ట్రంలో చెల్లవంది. (ఆ పత్తి పండించిన చేతులు బానిసలవి. వాళ్ళ మాట రెండు పక్షాలూ అడగలేదు.)

ఇక మన కౌలు రైతు ప్రశ్న. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది, అందులో సగం రష్యా చమురు పేరు చెప్పి. రొయ్య మీద అప్పటికే ఉన్న వేరే సుంకాలు దీనికి అదనం. అమెరికాలో కొనేవాడు ఆ భారం ఎగుమతిదారు మీదికి నెట్టాడు, ఎగుమతిదారు ఏజెంటు మీదికి, ఏజెంటు చెరువు గట్టు మీదికి. గట్టు మీదున్నవాడు నెట్టడానికి కింద ఎవరూ లేరు, నీళ్ళు తప్ప. సరుకు ప్రాణంతో ఉంది, రేపటిదాకా ఆపితే మేత ఖర్చు, ఏరియేటర్ కరెంటు ఖర్చు. మేత బాకీకి, కౌలుకి సుంకంతో పని లేదు.

2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించి దేశం చూపంతా కోనసీమ మీదికి తిప్పాం. రొయ్యకీ అదే చేద్దామని కొందరంటున్నారు. మా ఉద్దేశంలో అది కుదరదు. చెరువు ఖాళీగా ఉన్నా కౌలు నడుస్తుంది, దెబ్బ కౌలు రైతుకే. అమెరికా సరుకు మానేద్దామన్న మాటా వినపడుతోంది. దానివల్ల చెరువు దగ్గర రేటు ఒక్క రూపాయి కూడా పెరగదు. మనం అడగాల్సింది వేరు. సుంకం పెరిగినప్పుడు రేటు కోసే హక్కు వ్యాపారికి ఉన్నట్టే, సుంకం తగ్గినప్పుడు ఆ మేరకు రేటు పెంచి తీరాలి. ఆ లెక్క జిల్లా కలెక్టరు ముందు, రైతు ప్రతినిధులు కూర్చుని ఉండగా తేలాలి.

అందుకు మన చేతిలో కాగితం ఉండాలి. వచ్చే గ్రామ సమావేశానికి ప్రతి చెరువు రైతూ 2025 ఏప్రిల్ నుంచి అమ్మిన ప్రతి పట్టుబడి చీటీ, కౌంటు, రేటు, తేదీ కనపడేలా తీసుకురండి. కౌలు రైతులు కౌలు మొత్తం కూడా రాసివ్వాలి. చీటీ ఇవ్వకుండా నోటిమాట మీద కొన్న ఏజెంట్ల సంగతి విడిగా రాసుకుందాం.