మందే విషమైనప్పుడు
(పఠనమందిర సభలో గావించిన యుపన్యాసము)



మన తెలుగున మందనుమాట చిత్రమైనది. రోగము మాన్పునదియు మందే, మైకము గొలుపునదియు మందే. గసగసాలకాయ పాలను పెద్దలు నల్లమందనిరి. మేము నేడు విన్నవింపదలచిన విషయమంతయు నా పేరులోనే యిమిడియున్నది. వ్యసనము చీకటిలో దొంగవలె వచ్చునని మనము తలంతుము. కాని యది పెక్కుమార్లు రాజముద్రతోడను, వైద్యుని చీటితోడను పట్టపగలే వచ్చినది.

1773లో ఈస్టిండియా కంపెనీవారు వంగదేశపు నల్లమందుపై గుత్తాధికారము చేకొనిరి. ఆ సరకును చీనాదేశమునకు మరలించి ఖజానా నింపుకొనిరి. 1893లో నియమితమైన రాయల్ కమీషనువారు, ఈ దేశమున నల్లమందు వాడుకవలన చెప్పుకోదగిన కీడు లేదని 1895 నాటి నివేదికలో తేల్చిరి. రాబడి తెచ్చు విషము ప్రభువులకు విషముగ దోచదు గదా!

వర్తకులును వెనుదీయలేదు. 1898లో జర్మనీదేశపు బేయరు కంపెనీ హెరాయినును దగ్గుమందుగా విక్రయింప మొదలిడెను. 1996లో అమెరికాలోని పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్ అను నొప్పిమాత్రను వెలువరించి, దానివలన వ్యసనభయము స్వల్పమని చాటెను. ఆ ప్రచారము తప్పుదారి పట్టించునదని 2007లో తానే న్యాయస్థానమున నొప్పుకొనెను. ఈలోపల నా మాత్రలతో మొదలై హెరాయినునకు దిగినవారెందరో!

ఇది పరదేశపు కథ యని యూరకుండరాదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేలో, 10 మొదలు 75 ఏండ్ల వయసువారియందు నల్లమందు వాడువారు నూటికి 0.52 కాగా, ఆ జాతి ఔషధములను మత్తుకై వాడువారు 0.96. అనగా మందులయంగడి సరకు పాత నల్లమందును మించినది. ట్రమడాల్ అను నొప్పిమందును 2018లో మత్తుద్రవ్యముల చట్టము క్రిందికి దెచ్చిరి.

అట్లని మందునే ద్వేషింపరాదు. మార్ఫిను దొరకనినాడు క్యాన్సరు రోగి పడు యాతన వర్ణనాతీతము. దోషము మందుది గాదు, హద్దు దాటిన వాడుకది.

ఇక వ్యసనపరుని మాట. అలవాటైన దేహము మోతాదు పెంచుమని కోరును. మానినచో నెముకలు పీకును, నిద్ర పట్టదు, కడుపు కదలును. ఆ బాధ కోర్వలేక మరల తినువానిని నీతిమాలినవాడనుట సులభము. కొందరు వానిని గదిలో బంధించి కొన్నాళ్లు మాన్పింతురు. దేహ మా యలవాటు మరచును. బయటపడిన పిదప పాతమోతాదే తినినచో నూపిరి యాగి మరణింపవచ్చును. గొళ్లెము చికిత్స గాదు. బుప్రెనార్ఫిను వంటి యౌషధములతో, వైద్యుని పర్యవేక్షణమున జరుగునది చికిత్స.

కుటుంబములవారు పరువునకును, పోలీసులకును వెరచి రోగిని దాచుచున్నారు. వ్యసనపరుడు తానై వచ్చి గుర్తింపుగల యాసుపత్రిలో చికిత్స పూర్తిచేసికొనినచో, వాడుకకును స్వల్పపరిమాణమునకును సంబంధించిన నేరములకు వానిపై విచారణ యుండదని 1985 నాటి చట్టములోని 64-ఏ విభాగము చెప్పుచున్నది. ఈ సంగతి యెన్ని యిండ్లకు దెలియును? సలహాకై 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు.

కావున మేము కోరునది స్వల్పము. మందులయంగడివారు చీటి లేనిదే యట్టి మాత్ర లమ్మరాదు. పాతచీటితో మనము కొనరాదు. ఇంట వ్యసనపరుడున్నచో, వానిని దాచక వైద్యునికడకు గొనిపోవలెను. పోయిన పరువు మరల సంపాదింపవచ్చును. పోయిన బిడ్డ మరల రాడు.