వంతెన కూలితే దారి ఏది?

(చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి పనులు చేసి అలసిపోయి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. ఒక వంతెన సంగతి చెబుతాను. వినండి. మధ్యలో అనుమానం వస్తే ఆపి అడగండి.

ముందు మా ఊరి మాట చెప్పాలి.

మా ఊరికీ మండల కేంద్రానికీ నడుమ ఒక వాగు ఉంది. వాగు మీద చప్టా. ఎండాకాలం చప్టా మీద పిల్లలు ఆడుకునేవాళ్లు. ఒక వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. వాగు పొంగింది. చప్టా కొట్టుకుపోయింది. బస్సు బందయింది. అప్పుడు మా అక్క నిండు చూలాలు. సరిగ్గా ఆ వారంలోనే నొప్పులు మొదలయ్యాయి.

మా ఊరి పక్కనే రైలు పట్టాలు ఉన్నాయి. అదే వాగు మీద రైలుకు వేరే వంతెన ఉంది. ఎత్తయిన వంతెన. అది చెక్కుచెదరలేదు. రైళ్లు కూత వేసుకుంటూ పోతూనే ఉన్నాయి. కాని మా ఊళ్లో ఒక్క రైలూ ఆగదు. మా అక్కను మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మగవాళ్లు మోసుకుంటూ, నాలుగు కోసులు చుట్టు తిరిగి ఆసుపత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా బతికారు. అది మా అదృష్టం. అందరికీ అంత అదృష్టం ఉండదు కదా!

"రైలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగితే ఎంత బాగుండు!" అని ఆ రోజు మా అమ్మ అన్నది. అందరూ నవ్వారు. "రైలేమన్నా నీ ఎడ్లబండా, ఆపమంటే ఆగడానికి?" అన్నారు. నేనూ నవ్వాను.

చాలా ఏళ్ల తరువాత ఒక సంగతి చదివాను. అప్పుడు తెలిసింది, మా అమ్మ అన్నది నవ్వే మాట కాదని. రైలును ఆపించిన ఊరు ఒకటి ఉంది. ఆ ఊరి సంగతే ఇప్పుడు చెబుతాను.

వర్కింగ్టన్ ఊరు

ఆ ఊరు మన దేశంలో లేదు. ఇంగ్లండులో ఉంది. పేరు వర్కింగ్టన్. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. సుమారు పాతిక వేల మంది జనం. ఊరి నడుమ డెర్వెంట్ అనే నది పారుతుంది. ఊరు కొంత నదికి ఇవతల, కొంత అవతల.

ఇవతల, అంటే దక్షిణం వైపు, బజారూ రైలు స్టేషనూ ఉన్నాయి. అవతల, ఉత్తరం వైపు, ఇళ్లున్నాయి, పల్లెలున్నాయి. అటువాళ్లు ఇటు పనికి వస్తారు. ఇటువాళ్లు అటు చుట్టాలను చూడబోతారు. వంతెన దాటితే చాలు, కొద్ది నిమిషాల ప్రయాణం.

2009 నవంబరు నెలలో ఆ ప్రాంతంలో కుండపోత వాన కురిసింది. కొండల్లో సీత్‌వెయిట్ అనే చోట ఒక్క రోజులో, అంటే 24 గంటల్లో, 316 మిల్లీమీటర్ల వాన పడింది. 316 మిల్లీమీటర్లంటే ఎంత? అడుగు కన్నా ఎక్కువ. వాకిట్లో ఒక డ్రమ్ము పెడితే, తెల్లారేసరికి దానిలో అడుగు ఎత్తు నీళ్లు నిలుస్తాయన్నమాట. ఆ నీళ్లన్నీ కొండల మీద నుంచి నదిలోకి దూకాయి. నది ఊరి మీదికి వచ్చింది.

నవంబరు 20. ఇంకా తెల్లవారలేదు. నార్త్‌సైడ్ వంతెన మీద బిల్ బార్కర్ అనే పోలీసు నిలబడి ఉన్నాడు. వంతెన ప్రమాదంలో ఉంది, దాని మీదికి రావద్దని బండ్లను వెనక్కి పంపిస్తున్నాడు. అంతలో వంతెన కూలింది. ఆయన నదిలో పడి చనిపోయాడు. ఆయనకు నలుగురు పిల్లలు. మరునాడు ఆయన పుట్టినరోజు. పదిమందిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

అదొక్కటే కాదు. నడిచి వెళ్లే వంతెన ఒకటి ఉండేది. అదీ కొట్టుకుపోయింది. కాల్వా వంతెన అని పాత రాతి వంతెన ఇంకొకటి ఉంది. అది పడిపోలేదు గాని బాగా దెబ్బతిన్నది. దాని మీద ఎవరినీ పోనివ్వలేదు.

వంతెన ఎందుకు కూలుతుంది? నీటి బలం పైనే కాదు, కిందా పని చేస్తుంది. వరద నీరు స్తంభాల అడుగున ఉన్న ఇసుకను, మట్టిని తోడేస్తుంది. మనం ఏట్లో నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది చూశారా? అలాగే. స్తంభం కింద నేల పోతే ఎంత గట్టి వంతెన అయినా ఒరిగిపోతుంది. పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది. అందుకే వరదలో వంతెన మీదికి పోవద్దంటే పోకూడదు.

నిలిచింది రైలు వంతెన

ఇప్పుడు ఆ ఊరు రెండు ముక్కలయింది. అవతలి వాళ్లకు ఇవతలి ఇళ్లు కంటికి కనిపిస్తున్నాయి. వెళ్లడానికి దారి లేదు. వెళ్లాలంటే ఎక్కడో మైళ్ల దూరంలో ఉన్న మరో వంతెన దాకా పోయి, చుట్టు తిరిగి రావాలి. ఆ దారి నిండా బండ్లే. కొద్ది నిమిషాల ప్రయాణానికి గంటలు పట్టేది.

కారు ఉన్నవాళ్లు చుట్టు తిరిగి ఎలాగో వెళ్లారు. మరి కారు లేనివాళ్లు? ముసలివాళ్లు? చంటిపిల్లల తల్లులు? రోజూ పనికి పోతేగాని గడవనివాళ్లు? దారి తెగితే అందరికీ కష్టమే. కాని బండి లేనివాళ్లకు మరీ కష్టం.

ఊళ్లో ఒక్క వంతెన మాత్రం నిలిచింది. అది రైలు వంతెన. అచ్చం మా ఊళ్లో లాగానే!

కాని ఒక చిక్కు ఉంది. ఊరి రైలు స్టేషను దక్షిణం వైపు ఉంది. అవతల ఇళ్ల దగ్గర స్టేషను లేదు. రైలు వాళ్ల ముందు నుంచే పోతుంది. ఎక్కడానికి చోటు లేదు.

అప్పుడేం చేశారు? అవతలి ఒడ్డున పట్టాల పక్కన ఖాళీ స్థలం ఉంది. అక్కడ కొత్త స్టేషను కట్టారు. పెద్ద భవనం కాదు. రెండు తాత్కాలిక ప్లాట్‌ఫారాలు, తల దాచుకోవడానికి ఒక గది, బండ్లు పెట్టుకోవడానికి చోటు. అంతే. దాని పేరు వర్కింగ్టన్ నార్త్. వంతెన కూలింది నవంబరు 20న. స్టేషను తెరిచింది నవంబరు 30న. పది రోజులు!

స్టేషను ఉంటే చాలదు, రైళ్లు కూడా కావాలి. మామూలుగా నడిచే రైళ్లు కొద్ది. అందుకని వర్కింగ్టన్ నుంచి మేరీపోర్ట్ అనే ఊరి దాకా అదనంగా ఒక రైలు వేశారు. అది గంటకొకసారి అటూ ఇటూ తిరిగేది. ఆ రెండు ఊళ్ల నడుమ టికెట్టు లేదు. ఉచితం. ఖర్చు ప్రభుత్వం భరించింది.

జనం పనికి రైల్లో వెళ్లారు. సంచులు పట్టుకుని బజారుకు రైల్లో వెళ్లారు. తెగిన ఊరు మళ్లీ కలిసింది.

వేళ్ల మీద లెక్క పెట్టండి

ఇక్కడ ఒక లెక్క ఉంది. పలక తీసి రాసుకోండి.

వంతెన కూలిన తరువాత స్టేషను తెరవడానికి పట్టింది 10 రోజులు.

సైనికులు వచ్చి నదిపై నడక వంతెన వేశారు. అది డిసెంబరు 7న తెరిచారు. అంటే 17 రోజులు. దానికి చనిపోయిన పోలీసు పేరు పెట్టారు.

కార్లు, బస్సులు పోవడానికి తాత్కాలిక వంతెన వచ్చింది 2010 ఏప్రిల్లో. అంటే సుమారు 5 నెలలు.

కూలిన చోట కొత్త వంతెన తెరిచింది 2012 అక్టోబరులో. అంటే దాదాపు 3 సంవత్సరాలు.

చూశారా? గట్టి వంతెన కట్టాలంటే ఏళ్లు పడుతుంది. తొందరపడి కడితే మళ్లీ కూలుతుంది. కాని మనిషి ఆకలి మూడేళ్లు ఆగదు. పురిటి నొప్పులు మూడేళ్లు ఆగవు. పిల్లల చదువు ఆగదు. కాబట్టి పెద్ద పని అయ్యేలోగా చిన్న దారి చూపించాలి. వర్కింగ్టన్‌లో చేసింది అదే.

తరువాత ఆ స్టేషను ఏమయింది? బండ్ల వంతెన వచ్చాక అవసరం తగ్గింది. ఉచిత రైలు 2010 మే చివరి దాకా నడిచింది. స్టేషనును అక్టోబరులో మూసేశారు. అది ఉన్నది పది నెలలే. కాని ఆ పది నెలలే ముఖ్యం. ఇల్లు కాలినప్పుడు పొరుగింటి పంచలో తలదాచుకుంటాం. మన ఇల్లు లేచాక పంచ వదిలేస్తాం. పంచ ఇచ్చిన మేలు మరిచిపోతామా?

నాలుగు సంగతులు

రైలు వేశారు, అంతా బాగయింది అనుకుంటే చాలదు. ఎందుకు బాగయిందో తెలుసుకోవాలి. నాలుగు సంగతులు కుదిరాయి.

మొదటిది, భద్రత. రైలు వంతెనకు చేటు రాదని అనుకోకండి. మన దగ్గర 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఏం జరిగింది? చెరువు తెగింది. ఆ నీటికి రైలు వంతెన దెబ్బతిన్నది. తెల్లవారుజామున డెల్టా ప్యాసింజర్ వచ్చి పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అందుకే వరద తరువాత ఇంజనీర్లు చూసి సరేనన్నాకనే రైలు నడపాలి. "తొందరగా నడపండి" అని అడుగుదాం. "చూడకుండా నడపండి" అని మాత్రం అడగొద్దు.

రెండోది, చోటు. రైలు పోతే చాలదు. జనం ఉన్న చోట ఆగాలి. ఇళ్లకు అయిదు మైళ్ల దూరంలో ఆగే రైలు చంటిబిడ్డ తల్లికి ఎందుకు పనికొస్తుంది?

మూడోది, వేళ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నడిస్తే కూలికి పోయేవాళ్లకు కుదరదు. గంటకొకటి నడిచింది కాబట్టే అక్కడ అందరికీ అక్కరకు వచ్చింది.

నాలుగోది, ఛార్జీ. రోజూ నడిచి దాటే వాళ్లను రోజూ టికెట్టు కొనమంటే ఎలా? దారి తెగింది వాళ్ల తప్పు కాదు కదా.

భద్రత, చోటు, వేళ, ఛార్జీ. ఈ నాలుగు మాటలూ రాసుకోండి. రైలుకే కాదు, బస్సుకూ, పడవకూ ఇవే నాలుగు మాటలు.

మనం ఏం చేయాలి?

మన ఊరు వేరు, ఇంగ్లండు వేరు అని మీరు అనవచ్చు. నిజమే. అన్ని ఊళ్ల పక్కనా రైలు పట్టాలు ఉండవు. పట్టాలు ఉన్న ప్రతిచోటా రైలు ఆపడమూ కుదరదు. కాని ఎక్కడయినా ఒక పని మాత్రం కుదురుతుంది. అడగడం.

మా అక్కను మంచం మీద మోసిన రోజు మేం ఎవరినీ అడగలేదు. ఎవరిని అడగాలో తెలియదు. అర్జీ ఎలా రాయాలో తెలియదు. అమ్మకు మంచి ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనను కాగితం మీద పెట్టడానికి ఇంట్లో ఒక్క ఆడదానికీ అక్షరం ముక్క రాదు. అందుకే అది నవ్వులాటగా మిగిలింది.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. అంకెలూ వచ్చు. మీ ఊరి చప్టాయో వంతెనో తెగితే ఏడుస్తూ కూర్చోకండి. నలుగురూ కలిసి ఒక కాగితం రాయండి. ఏమని రాయాలి?

ఏ తేదీన దారి తెగింది? ఎన్ని కుటుంబాలకు దారి లేదు? అందులో గర్భిణులు ఎంతమంది, బడిపిల్లలు ఎంతమంది? చుట్టు తిరిగితే ఎన్ని కిలోమీటర్లు? పాత వంతెన బాగయ్యేదాకా ఏం చేస్తే సరిపోతుంది? పడవా? వేరే దారిన బస్సా? రైలు ఆగడమా?

కష్టం ఒక్కటే రాస్తే చదివి పక్కన పెట్టవచ్చు. లెక్క రాసి, ఏం కావాలో కూడా రాస్తే జవాబు చెప్పక తప్పదు. కింద అందరూ సంతకాలు పెట్టండి. పంచాయతీలో ఇవ్వండి, మండల ఆఫీసులో ఇవ్వండి. రైలు సంగతయితే స్టేషను మాస్టరుకు కూడా ఒకటి ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. అందినట్టు సంతకం తీసుకోవడం మరవకండి.

ఇంకొక్క మాట. తెగాక అడగడం కన్నా తెగకముందు చూసుకోవడం మేలు. వానలు రాకముందే మీ చప్టాను, వంతెనను చూడండి. స్తంభం కింద మట్టి కోసుకుపోయిందా? పగుళ్లు వచ్చాయా? రోజూ దాటే మన కంటికి ముందుగా కనబడుతుంది. కనబడితే రాయండి.

నేను ఈ సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇప్పుడు ముసలిదయింది. అంతా విన్నది. కాసేపు ఊరుకున్నది. "అయితే రైలు ఆగుతుందన్నమాట" అన్నది. "అడిగేవాళ్లు లేక ఆగలేదు."

ఈసారి అడిగేవాళ్లు ఉన్నారు. మీరు ఉన్నారు.