ఊరి బావులు – శాస్త్రజ్ఞుల కొలతలు
(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వేసవి వచ్చుసరికి బావులు అడుగంటుట, వానకాలమున చేలలోని సారవంతమైన మన్ను వాగు పాలగుట మనమెల్లరము ఎరిగిన కష్టములే. వీనిని నివారించుటకు ప్రభుత్వము ధనమీయగలదు. శాస్త్రజ్ఞులు ఉపాయము చెప్పగలరు. కాని ఊరివారు పూనుకొననిదే ఆ రెండును కాగితములపైననే నిలిచిపోవును. ఈ మూడు శక్తులును కలిసి పనిచేసిన ఒక గ్రామమును గూర్చి మేము నేడు మనవి చేయదలచితిమి.

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములో కొత్తపల్లి యను గ్రామము కలదు. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు కరవు పీడిత ప్రాంతముల కార్యక్రమము, పటాన్‌చెరులోని అంతర్జాతీయ సంస్థయగు ఇక్రిశాట్, హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, ఒక స్వచ్ఛంద సంస్థ ఏకమై, గ్రామస్థులతో కూడి అచ్చట సుమారు 465 హెక్టార్ల వాటర్‌షెడ్ పనికి పూనుకొనిరి. వాగులపై చెక్ డ్యాములు వెలసినవి. ఎండిన బావులలోనికి వాననీరు మరలింపబడినది. చేనిగట్లపై గిరిపుష్పము నాటబడినది. మహిళలు వానపాముల ఎరువు తయారుచేయ నేర్చిరి.

ఇందలి విశేషము కొలత. ఊరిలోని 62 బావుల నీటిమట్టమును క్రమముగా కొలిచిరి. చెక్ డ్యాములకు దగ్గరి బావులలో నీరు హెచ్చుగాను, దూరపు బావులలో తక్కువగాను ఉన్నట్లు అందువలననే తేటపడినది. మట్టిని పరీక్షింపగా గంధకము, బోరాన్ కొరవడినట్లు తెలిసినది. ఇట్టి లోపము కంటికి కనబడునది కాదు. మేలైన విత్తనములు, తగిన ఎరువులు తోడగుటచే, 1998లో హెక్టారుకు సుమారు 1.5 టన్నులున్న మొక్కజొన్న దిగుబడి తరువాతి ఏండ్లలో రెట్టింపు దాటినది.

అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. నీరు పెరిగినదని ఎవరికి తోచినట్లు వారు బోర్లు వేసినచో, ఊరంతయు కూడబెట్టిన నీరు కొలదిమంది పాలగును. బావుల నమోదునకు 2002లో వాల్టా చట్టము వచ్చినది. కాని చట్టము ప్రతి చేనిగట్టున కావలి కాయజాలదు. ఆ పని ఊరిది.

కావున మా మనవి యిది. మీ ఊరిలో కొన్ని బావులను ఎన్నుకొని, నెలకొకసారి తాడుతో నీటిలోతు కొలిపించి, ఆ లెక్కను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము రాష్ట్ర విభజనతో రెండైనది. మీ ప్రాంతపు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులను గ్రామసభకు ఆహ్వానించి ఆ లెక్క చూపుడు. ఎన్ని బోర్లకు ఎంత నీరు చాలునో, ఏ పంటకు తగునో వారితో కలిసి నిర్ణయించుకొనుడు. లెక్క చేతనున్న ఊరి మాటను అధికారియు శాస్త్రజ్ఞుడును శ్రద్ధగా విందురు.

బావి ఎండిన పిమ్మట వగచుటకంటె, నీరున్ననాడే లెక్క వ్రాసికొనుట మేలు.