పనిముట్టు రైతుమాట వినవలెను

(పట్టణ పఠనాలయమున జరిగిన సాయంకాల సభలో చేసిన యుపన్యాసము)



న్యాయవాది కోర్టు విడిచి కలుపుగొర్రును గూర్చి ప్రసంగింప వచ్చినాడేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. అందుకు సమాధానముగా ఒక పూర్వనిదర్శనము చూపెదను. పంటచాళ్ళ నడుమ గుఱ్ఱముచేత కలుపుగుంటక లాగించు పద్ధతిని ఇంగ్లండులో గ్రంథరూపమున ప్రచారము చేసిన జెత్రో టల్ 1699లో న్యాయవాదిపట్టము పొందినవాడే. ఆయన సుమారు 1701లో విత్తనములను చాళ్ళుగా వేయు యంత్రము నొకదానిని నిర్మించెను. 1731లో తన కృషిపద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. మొక్క మట్టిరేణువులనే ఆహారముగా గొనుననియు, నేలను చక్కగా గుల్లచేసినచో ఎరువుతో పనిలేదనియు ఆయన వాదించెను. ఆ వాదము కాలక్రమమున కొట్టుపోయెను. పనిముట్టు మాత్రము నిలిచెను. వకీలు వాదము ఓడినను వకీలు చూపిన సాక్ష్యము నిలుచుట మా వృత్తిలో వింత కాదు.

టల్ కనిపెట్టిన కీలకము చిన్నది. వెదజల్లిన చేనిలో పశువు అడుగుపెట్టజాలదు. విత్తనము చాళ్ళలో పడిననే చాళ్ళ నడుమ బాట యేర్పడును. బాట యేర్పడిననే పనిముట్టు నడచును. కావున కలుపుగొర్రు కథ విత్తునాడే ప్రారంభమగుచున్నది.

ఇది మనకేల? విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల గరువుభూములను మీ రెఱుగుదురు. వేరుసెనగ, చోడి, గోగు, మొక్కజొన్న, గంటి, నువ్వు వేయు ఎఱ్ఱనేలలవి. అధికభాగము వానమీదనే ఆధారపడినవి. మొదటి వానలకు పైరుతోపాటు కలుపును లేచును. మొక్క బలియక మునుపే, అనగా మొదటి నాలుగైదు వారములలోనే, కలుపు తీయకున్న పంట దెబ్బతినును. ఆ దినములలోనే పల్లములో ఉభాలు తగులుకొనును. కూలీలు దొరకరు, దొరికినను అందఱికిని ఒక్కమాఱే కావలయును. గరువుచేనిలో పొద్దుటినుండి పొద్దుగూకువఱకు నడుము వంచి కలుపు తీయువారు మన యాడవారు. చిన్నరైతు చేనికి కావలసిన పనిముట్టు సమయమునకు అందెనా లేదా అన్నది వారి నడుములకును, ఆ యింటి అప్పునకును సంబంధించిన ప్రశ్న.

పాశ్చాత్యదేశములలో ఈ పనికి గుఱ్ఱమును కట్టిరి. మన ప్రాంతమున గుఱ్ఱము జట్కాబండికి పరిమితమై యుండెను. దుక్కికి ఎద్దే దిక్కుగా నుండెను. అయినను గుఱ్ఱపుగుంటకలోని ఉపాయము మనకు పనికివచ్చునా అని విచారింపవలసియున్నది. విచారించుటకు ముందు మన యింటనేమున్నదో చూచుకొనుట ధర్మము.

మనకు నాగలియు, గుంటకయు, దంతెయు, గొర్రును తరతరములుగా నున్నవి. జడ్డిగములో విత్తనము పోయగా వెదురుగొట్టముల గుండ చాళ్ళలో పడు గొర్రు తెలుగునేలపై మెట్టప్రాంతముల సొత్తు. 18వ శతాబ్దము చివర కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్లోద్యోగి దక్షిణదేశమున పొలములలో ఇట్టి విత్తుగొర్రును చూచి, అంతవఱకు అది ఐరోపావారి నూతనకల్పన యని తాను భావించుచుంటినని ఒప్పుకొని, దాని వర్ణనమును తన దేశమునకు వ్రాసి పంపెను. ఈ లేఖను ధరంపాల్‌గారు 1971లో ప్రకటించిన సంకలనములో చేర్చినారు. 1893లో తన నివేదికను ప్రకటించిన వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుడును, భారతీయ రైతుల సేద్యనైపుణ్యమును మెచ్చుకొని, వారికి పాఠములు చెప్పుట యంత సులభము కాదని వ్రాసెను.

ఈ మాటలు విని మనము రొమ్ము విఱుచుకొనుట సులభమే. కాని పొగడ్తతో కలుపు చావదు. మన పనిముట్లలోని గుణమేమి, కొఱత యేమి యని నిష్పక్షపాతముగా విచారింపుడు.

లోతును సవరించుకొను నేర్పు మన రైతునకు పూర్తిగా కలదు. నాగలిని కాడికి దూరముగా కట్టిన కర్రు లోతుకు దిగును. దగ్గఱగా కట్టిన పైకి తేలును. గుంటక పైపైన పోవుచున్నచో దానిపై ఱాయి పెట్టును, లేదా తానే నిలుచును. ఇందుకు మరయును అక్కఱలేదు, మీటయును అక్కఱలేదు. కాని వెడల్పు సంగతి వేఱు. గొర్రుపండ్లు దూలములో దిగగొట్టినవి. వాని యెడము మారదు. గుంటకపాస పొడవు ఎంతో అంతే. ఎడము మారిన పైరునకు వేఱొక పనిముట్టు చేయించుకొనవలెను. పలు పైరులు వేయు చిన్నరైతునకు అన్ని పనిముట్లు పెట్టుకొను స్తోమత యుండదు. కనుక ఉన్న ఒక్క పనిముట్టుతోనే సరిపెట్టుకొనును, లేదా చేతితో కలుపు తీయించును.

ఈ వెడల్పు చిక్కును గుఱ్ఱపుగుంటక చేసినవారు విప్పిరి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు ఎస్. ఎల్. అలెన్ కంపెనీవారు 19వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి ‘ప్లానెట్ జూనియర్’ అను పేరున ఇట్టి పనిముట్లను లోకమంతట అమ్మిరి. వాని నిర్మాణము ఇట్టిది: నడుమ నొక ఇనుప దూలము, దానికి ముందుభాగమున ఇరువైపుల కీలుపై తిరుగు రెండు బాహువులు, వెనుక నొక మీట. మీటను జరిపినచో బాహువులు కొంగ ఱెక్కలవలె విచ్చుకొనును, లేదా ముడుచుకొనును. పండ్లు వానికి బిగింపబడియుండును. ముందున్న చిన్నచక్రమును ఎత్తి దించినచో లోతు మారును. వెనుక మేడికఱ్ఱలు మనిషి యెత్తును బట్టి సవరింపబడును. వెడల్పు, లోతు, కోణము అను మూడు సవరణలును పొలములోనే, పని నడుమనే, రైతుచేతనే జరుగును. దీని ప్రాణమంతయు నిందే యున్నది.

అయితే దానిని తెచ్చి మన కాడికి కట్టినచో నడచునా? నడువదు. కారణములు మూడు. మొదటిది: గుఱ్ఱము మెడపట్టెడనుండి గొలుసులతో లాగును; ఎద్దు కాడినుండి పొడుగైన నొగతో లాగును. కావున గొలుసు తగిలించు కొక్కెమునకు బదులు నొగ దిగుటకు పట్టు కావలయును. మన పొట్టి ఎడ్లకును, పొడుగు ఎడ్లకును సరిపడునట్లు ఆ పట్టున పైకిని క్రిందికిని కన్నములుండవలెను. రెండవది: ఒంటిగుఱ్ఱము ఒక్క చాలు నడుమ నడచును, మన ఎడ్లజత చాళ్ళకు అటొకటి ఇటొకటిగా నడచును. అడుగు మొక్కపై పడకుండవలెనన్నచో కాడి పొడవు చాళ్ళ యెడమునకు లెక్కగా నుండవలెను. అడుగుదూరపు చాళ్ళున్న వేరుసెనగలో రెండు ఎడ్ల నడుమ మూడడుగులు ఎడమున్నచో కుదురును. రెండున్నర యడుగులున్నచో ఒక ఎద్దు చాలు త్రొక్కును. మూడవది: బాహువులు విచ్చుకొనినకొలది వానికి బిగించిన కర్రులును ప్రక్కకు తిరుగును, తిరిగిన కర్రు మట్టిని మొక్కపైకి ఎగద్రోయును. కావున ప్రతి కర్రును తన పట్టులో మరల ముందుమొగముగ త్రిప్పి బిగించుకొను వీలుండవలెను.

ఇవి నేను పుస్తకములో మాత్రము నేర్చినవి కావు. మా కుటుంబపు గరువుచేనికి కొన్ని యేండ్ల క్రిందట దూరపు కార్ఖానాలో చేసిన ఇనుపగొర్రు నొకదానిని కొంటిని. రంగు బాగుండెను, పండ్లు మాత్రము కరగిపోసినట్లు ఒక్కచోట అతికింపబడియుండెను. వేరుసెనగచేనిలో దింపగా నాలుగు చాళ్ళు పోకముందే కలుపుతోపాటు పైరును పెల్లగించెను. మా పాలికాపు ఎడ్లను నిలిపి నావంక చూచెను. నాకు తలయెత్త సిగ్గయ్యెను. దానిని బండిపై వేసికొని ఊరి కమ్మరితాత కొలిమికి పోయితిని. చాళ్ళను ఇంకను ఎడముగా వేయించుకొందునా యని అడిగితిని. ఆయన గొర్రును అటునిటు త్రిప్పి చూచి,

“అదేటి బాబూ! పనిముట్టుకి చేనుని సరిపెడతారా? చేనుకి కదా పనిముట్టుని సరిపెట్టాల!” అనెను.

మూడుదినములలో అతుకులు కోసి, అడ్డబద్దకు బెత్తెడు బెత్తెడు దూరమున కన్నములు తొలిచి, పండ్లకు పట్టులు చేసి, బోల్టులతో బిగించెను. పాత లారీ కమానుపట్టీల ఉక్కుతో మూడు కర్రులు సాగగొట్టెను. మీటయు లేదు, కీళ్ళును లేవు. వెడల్పు మార్చుటకు బోల్టు విప్పి జరుపవలసినదే. అయిన నేమి? ఆ యేడు వేరుసెనగలోను, తరువాత మొక్కజొన్నలోను ఆ యొక్క గొర్రే నడచినది. ఒక బోల్టు పోయిన సంతలో దొరకును. ఒక కర్రు అరిగిన కొలిమిలో సాగును. మీట విఱిగియుండిన ఆ సీజను పోయెడిది.

సవరణ యెంత ముఖ్యమో, సవరణకు కట్టు వెల యెంత యన్నదియు నంతే ముఖ్యము. దీనికి తెలుగునేలపైననే పెద్ద నిదర్శన మున్నది. 1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెఱువున నెలకొల్పబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థవారు, ఫ్రెంచి రూపకర్త జాఁ నోల్ కల్పించిన ‘ట్రాపికల్టర్’ అను చక్రముల పనిముట్టును ఎడ్లకు అనువుగా సంస్కరించి నల్లరేగడి పొలములలో ఎన్నో యేండ్లు పరీక్షించిరి. దున్నుటకు, విత్తుటకు, కలుపు తీయుటకు, బండిగా తోలుటకు ఆ యొక్క చట్రమే చాలును. సవరణలకు కొదువలేదు. పరిశోధనక్షేత్రమున అది చక్కగా పనిచేసెను. కాని రైతు దానిని స్వీకరింపలేదు. అది బరువు, ఖరీదు. చిన్నరైతు చేతికి అందనిది. కొన్నచోట్ల సైతము పలువురు దానిని బండిగానే తోలుకొనిరి. పలుదేశములలో ఇట్టి పనిముట్ల గతిని విచారించి పాల్ స్టార్కీ 1988లో వ్రాసిన గ్రంథమునకు ‘పరిపూర్ణములయ్యును పరిత్యక్తములు’ అను నర్థము వచ్చు పేరు పెట్టెను. రూపకర్తలందఱు ఆ పేరును గోడపై వ్రాసికొనవలెను.

స్వదేశీ కార్ఖానాల చరిత్రమును ఇదే పాఠము చెప్పును. బెళగాములో లక్ష్మణరావు కిర్లోస్కర్‌గారు గత శతాబ్దారంభమున ఇనుపనాగళ్ళు చేసినప్పుడు, ఇనుము తగిలిన నేల విషమగునను భయమున రైతులు కొనలేదనియు, మొదటి నాగలి అమ్ముడుపోవుటకు రెండేండ్లు పట్టెననియు చెప్పుదురు. ఆ భయము నిరాధారమే. అయినను రైతు సందేహమును మూఢత యని కొట్టివేయక ఓపికతో నమ్మకము సంపాదించినందుననే ఆ నాగలి దేశమంతట వ్యాపించెను.

ఇక ‘ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దుగొర్రు చర్చ యేల?’ అను ఆక్షేపణ కలదు. దుక్కికి ట్రాక్టరు వచ్చినది, ఎడ్లు తగ్గినవి. నేను కాదనను. కాని పైరు లేచిన తరువాత అరయెకరపు మడిలో అడుగుదూరపు చాళ్ళ నడుమ ట్రాక్టరు నడువదు. దుక్కి ట్రాక్టరుతో, కలుపు మాత్రము ఆడవారి చేతులతో అనుట అభివృద్ధి కాదు. ఎడ్లు లేనిచోట అదే సూత్రమున ఒక చక్రము, రెండు కర్రులు గల త్రోపుడుగొర్రును మనిషి త్రోయవచ్చును. కర్ణాటకమున హావేరిప్రాంతపు రైతులు గుళిపద్ధతిని చోడిని నిలువు నడ్డముల చాళ్ళలో నాటి, రెండువైపులను ఎడ్లగుంటక త్రోలుదురు. మన చోడిచేలకును ఆ బాట తగినదే.

తుదకు న్యాయవాదిగా ఒక మాట. గుఱ్ఱపుగుంటకలపై అమెరికావారు పొందిన పేటెంటుల గడువు ఏనాడో తీరినది. మన దేశమున 1970నాటి పేటెంటుచట్టము ప్రకారము వ్యవసాయపద్ధతికి పేటెంటు ఈయరాదు. యంత్రమునకు ఈయవచ్చునుగాని దాని గడువు నేడు ఇరువదేండ్లే. పేటెంటు అనగా గడువువఱకు తాళము. గడువు తీరినవెంటనే ఆ పటము, ఆ కొలత, ఆ ఉపాయము సర్వజనులసొత్తు. లోకములోని పాత గుంటకల పటములన్నియు నేడు మన ఊరికమ్మరివే. వానిని ఉపయోగించుటకు ఎవరి యనుజ్ఞయు అక్కఱలేదు. కాని అవి ఆంగ్లమున నున్నవి, అంగుళముల లెక్కలలో నున్నవి, మన కమ్మరికి కానరానిచోట నున్నవి.

సోదరులారా! ఈ కొఱత తీర్చుట పఠనాలయములలో కూర్చుండు మన పని. ఒక్కొక్క పఠనాలయము ఒక్కొక్క పటమును తెలుగు కొలతలతో, పెద్ద యక్షరములతో వ్రాయించి గోడకు తగిలింపవచ్చును. వానకు ముందు ఒకదినము రైతును, వడ్రంగిని, కమ్మరిని ఒకచోట కూర్చుండబెట్టి వారు చెప్పునది మనము వ్రాసికొనవచ్చును. చేనిలో కలుపు తీయు ఆడవారిని ముందు పిలువుడు. ఏ కర్రు మొక్కను పెల్లగించినదో వారికంటె ఎక్కువగా ఎవరికిని తెలియదు.

గొర్రుకు తొలిచిన ప్రతి కన్నమును రైతు యోచనకు తెఱచిన ద్వారము. అతికివేసిన పనిముట్టు ‘నేను చెప్పినట్లు సేద్యము చేయుము’ అనును. సవరింపదగిన పనిముట్టు ‘నీ చేను ఎట్టిది?’ అని అడుగును. మన గ్రామములకు అడుగు పనిముట్లు కావలెను. రాబోవు వానలకు ముందే ఆ పనికి పూనుకొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.