కడుపుతో ఉన్నామె నడుం నొప్పి



మన పెనుమూడిలో నాట్లకెళ్లే వాళ్లం చాలామందిమి. కడుపుతో ఉన్నామె నడుం నొప్పంటే "మేం కనలేదా?" అంటాం. మేమూ అన్నాం, తప్పే. కడుపు పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకు లాగుతుంది. పడకుండా భుజాలు వెనక్కి వాలుస్తాం, నడుం లోపలికి వంగుతుంది. కాన్పు కోసం కటి కీళ్ల పట్టు సడలుతుంది. బరువు 10, 12 కిలోలు పెరుగుతుంది. ఆపైన నారుకట్టలు మోస్తే నడుం ఏమవ్వాలి?

పడుకుని లేచేటప్పుడు పక్కకు తిరిగి, చెయ్యి ఆనించి లేవండి. నొప్పి విడిచి విడిచి వస్తున్నా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి.

మా సంఘంలో ఒకమాట అనుకున్నాం: నెలలు నిండినామె మీటింగుకి రాకపోయినా జరిమానా లేదు. పొదుపు మేమే ఇంటికెళ్లి తెచ్చుకుంటాం.