పెరటి నిప్పు – పెద్దల బాధ్యత



ఆరుబయట నిప్పు రాజేసి కాల్చుకొని తినుట మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములకు క్రొత్త గాదు. చేనిగట్టున జొన్నకంకులు, కళ్ళమున వేరుసెనగకాయలు, పెరటిలో పచ్చడికి వంకాయలు కాల్చుట తాతలనాటి అలవాటు. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరులకు పనులకై వెళ్ళిన పిల్లలు పండుగలకు వచ్చి, మిద్దెమీదనో వాకిటనో బొగ్గులపై ఇనుపజాలి పరచి మాంసము కాల్చుచున్నారు. దీనికి బార్బెక్యూ అని పేరు. పేరు క్రొత్తది, నిప్పు పాతదే. ఈ వేడుకను మానుడని చెప్పుటకు నేను రాలేదు. ఇది కీడు లేక ముగియుటకు ఇంటి పెద్ద యేమి చూడవలెనో మనవి చేయుదును.

మొదట చోటు సంగతి. గడ్డివామి, బోదకొట్టము, కందికట్టె మోపులు ఉన్న దొడ్డిలో నిప్పు రాజేయనే రాదు. ఇంటి గోడకు పది అడుగులైన ఎడముండవలెను. నల్లమల దిక్కునుండి పడమటిగాలి విసరు దినములలో ఒక్క నిప్పురవ్వ చాలును, ఏడాది పశుగ్రాసము బూడిదయగుటకు. గాలి హెచ్చుగా నున్ననాడు ఆ వంట ఇంటిలోని పొయ్యిమీదనే చేసికొనుట మేలు.

రెండవది పొయ్యిరాళ్ళు. మార్కాపురమనగానే ఎవరికైనను బడిపిల్లల పలక జ్ఞప్తికి వచ్చును. పలకరాయి పొరలు పొరలుగా విడివడును. ఆ గుణమే పలకల పనికి ఆధారము, ఆ గుణమే పొయ్యికి అపాయము. పొరలనడుమ చేరిన తడి వేడికి ఆవిరియై, దారి లేక, రాతిని పగులగొట్టును. పెంకులు ఎగిరి కంటిలో పడవచ్చును. గుండ్లకమ్మ ఒడ్డునుండి తెచ్చిన తడిరాళ్ళును అట్టివే. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని మనకు సామెత కలదు. ఎండకే రోళ్ళు పగులునన్నచో, నిప్పుకు రాళ్ళు పగులుట వింత గాదు. కాబట్టి పొయ్యికి బాగుగా కాలిన ఇటుకలను వాడుడు.

మూడవది కట్టె. రంగు పూసిన చెక్కలు, ప్లాస్టిక్ సంచులు మండించి, ఆ పొగలో తిండి కాల్చరాదు. గన్నేరు విషవృక్షము, దాని పుల్లలకు మాంసము గ్రుచ్చరాదు, దాని కట్టె పొయ్యిలో పెట్టరాదు. రాజుకొనని బొగ్గులపై కిరసనాయిలుగాని పెట్రోలుగాని పోయుట ప్రాణాంతకము. మంట ఆ ధారవెంట చేతిలోని డబ్బావరకు ప్రాకును. చలిరాత్రులలో మిగిలిన నిప్పులను కుంపటిలో నెత్తి, తలుపులు మూసిన గదిలో పెట్టుకొని పరుండుట మరియు ఘోరము. బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనకు తగదు. నిప్పు రాజేయుటకు ముందే నిండుబిందె, ఒక తట్టెడు ఇసుక, ఒక గొంగడి దగ్గర నుంచుకొనవలెను. గొఱ్ఱెబొచ్చు గొంగడి సులభముగా అంటుకొనదు. బట్టలకు మంట తగిలినవారు పరుగెత్తినచో గాలికి మంట హెచ్చును. వారిని నేలపై పరుండబెట్టి, గొంగడి కప్పి, దొర్లించవలెను. నూనె మూకుడు మండినచో నీళ్ళు పోయక మూత వేయుడు.

కాలిన చోట వెంటనే చల్లని నీళ్ళు ఇరువది నిమిషములు ధారగా పోయవలెను. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీయవలెను. సిరా, పసుపు, నెయ్యి, పేడ పూయరాదు, బొబ్బలు చిదుమరాదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి వైద్యునికడకు తీసికొనిపోవలెను. గాయము పెద్దదైనచో 108కి, ఇల్లో వామియో అంటుకొన్నచో 101కి ఫోను చేయుడు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. మంట ఎగయునప్పుడు అందఱును జాగ్రత్తగానే యుందురు. భోజనములై, పెద్దలు లోపలికి పోయిన పిమ్మటనే ప్రమాదము దాగియుండును. నివురుగప్పిన నిప్పు పసివానికి చల్లని బూడిదవలె కనబడును. మట్టి కప్పినంత మాత్రమున నిప్పు చావదు, లోపల వేడి నిలిచియే యుండును. ఆ మట్టిపై వట్టికాళ్ళతో నడచు బిడ్డకు అది మట్టియనియే తెలియును. కావున కొంచెము దూరముగా నిలిచి మెల్లగా నీళ్ళు చల్లుడు, పుల్లతో కలియబెట్టుడు, మరల నీళ్ళు పోయుడు. చేయి వెనుకభాగము దగ్గరగా ఉంచి చూచినప్పుడు వేడి తగులని దాక ఆ చోటు విడువకుడు.

ఈ కడపటి పని పిల్లలకు అప్పగింపక, ప్రతి యింటను ఒక పెద్ద తనదిగా స్వీకరింపవలెనని నా ప్రార్థన. నిప్పు రాజేయుటకు ఎవరైనను చాలుదురు. ఆర్పినదని చెప్పుటకు మాత్రము పెద్ద కావలెను.